సొంత ఊరికి చుట్టపుచూపుగా

"బందరు వెళ్ళొస్తా" అని మా ఇంట్లో ఎవరన్నా అన్నప్పుడల్లా నోట్లోంచి ఒక పారశీక పదం దొర్లుతోందని నాకు నలభై ఏళ్ళు దాటాక గాని తెలియలేదు. బందర్ అంటే ఆ భాషలో ఓడరేవు. ఇరాన్ దక్షిణ తీరాన బందర్ అబ్బాస్ ఇప్పటికీ ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మన రేవులో సరుకెక్కించుకున్న ఓడలు ఆ రేవుకు వెళ్ళేవి. ఈ లెక్కన ఏళ్ళ తరబడి మేము "బందరు పోర్టు కావాలి" అని అడుగుతూ వచ్చింది "రేవు రేవు కావాలి" అనన్నమాట. పేరులో ఉన్నది ఊళ్ళో లేకపోతే రెండుసార్లు అడగాల్సిందే మరి.

తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" అనే. రైల్లో కలిసినా, పెళ్ళి బంతిలో పక్కపక్కన కూర్చున్నా, డాలస్‌లో గుడి మెట్ల మీద ఎదురుపడినా అంతే. నేను "బందరండీ" అంటాను. "ఓహో, లడ్డూ!" అంటారు అవతలివాళ్ళు. నేను నవ్వుతాను. అక్కడికి మా ఊరు అయిపోయింది. కాకినాడంటే కాజా, గుంటూరంటే మిరపకాయ, ఆత్రేయపురమంటే పూతరేకు. ఊరికో తినుబండారం తగిలించి వదిలేశాం. లడ్డూ మీద నాకేమీ కోపం లేదు. శనగపిండి పూసను రోకలితో దంచి, పాకం పట్టి, నేతితో మర్దించి చేసే ఆ తొక్కుడు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేనూ మా వీధిలో పంచిపెట్టాను. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీల చేతి వంట అది అని ఊళ్ళో చెప్పుకుంటారు. అంటే లడ్డూ కూడా నోరు తీపి చేసి ఊరుకునే రకం కాదు, అడిగితే ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. మనమే అడగం.

హంపీ వెళ్తే గైడుకు డబ్బులిచ్చి, ఎండలో నిలబడి, వాడు చెప్పిందల్లా తలూపుతూ వింటాం. మన వీధి చివర పిచ్చిచెట్లు మొలిచిన గోరీల దొడ్డిలోకి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా అడుగుపెట్టం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఈ అధ్యాయంలో మీ చేత చేయించదలచుకున్న పని ఒక్కటే: మీ సొంత ఊరికి ఒకసారి చుట్టంలా వెళ్ళి రండి. కొత్త చుట్టానికి ఉండే ఓపిక, మొహమాటం, ఆరా అన్నీ వెంట తీసుకువెళ్ళండి. నేను మా ఊళ్ళో ఈ పని ఎలా చేశానో, ఎక్కడెక్కడ బోర్లాపడ్డానో చెబుతాను. మీరు మీ ఊరి పేరు పెట్టుకుని చదువుకోండి.

పేటల పేర్లతో మొదలుపెట్టండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ ఊళ్ళో రోజూ పలికే పేట, పాలెం, దిబ్బ, గుంట, సందు పేర్లన్నీ రాయండి. ఆటోవాడికి చెప్పే పేర్లు రాయాలి, మున్సిపాలిటీ పెట్టినవి కాదు. నాయకుల పేర్లున్న కాలనీలను పక్కన పెట్టండి, అవి మొన్నటివి. అర్థం తెలియకుండా పలుకుతున్న పేర్ల కింద గీత గీయండి. మీ గని అక్కడ ఉంది.

నా కాగితంలో గీత పడినవి మూడు: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. మూడోది పసిపిల్లకైనా తెలుస్తుంది. మిగతా రెండూ నేను చిన్నప్పుడు సైకిలు మీద తిరిగిన చోట్లే. వలంద అంటే వలలు అల్లేవాళ్ళ పేట కాబోలు అనుకునేవాణ్ణి, సముద్రం పక్క ఊరు కదా! పరాసుపేటకైతే అర్థం ఉండాలని కూడా తోచలేదు. నిఘంటువు తీస్తే తెలిసింది, పాత తెలుగులో ఫ్రెంచివాళ్ళు పరాసులు. హాలండు మన నోట్లో పడి ఒలందా అయింది, వలందా అయింది. పోర్చుగీసువాళ్ళకైతే బుడతకీచులని ఇంకా ముద్దుపేరు పెట్టాం. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు నిఘంటువును మించిన పనిముట్టు ఈ పనికి లేదు. అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కొన్నాళ్ళు మా బందరులోనే కొలువు చేశాడు.

అప్పుడు లెక్క కలిసింది. డచ్చివాళ్ళు 1605, 1606 ప్రాంతంలో వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. మద్రాసు కోట కథ 1639లో గాని మొదలు కాదు. దానికి ఇరవై ఎనిమిదేళ్ళ ముందే ఈస్టిండియా కంపెనీవాళ్ళు మా ఊళ్ళో గుడ్డలు బేరమాడుతున్నారు. 1669లో ఫ్రెంచివాళ్ళు దిగారు. ముగ్గురూ ఒకరి దుకాణం ఒకరికి కనిపించేంత దూరంలో కాపురం పెట్టారు. నేటి భాషలో చెప్పాలంటే ఒకే సెంటర్లో మూడు సూపర్‌మార్కెట్లు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ బందరు కోట మీద పడి ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్నాడు. ఆ దెబ్బతో నిజాం సలాబత్ జంగ్ పక్క మార్చి, ఈ చుట్టుపక్కల సీమను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. ప్లాసీ గురించి బళ్ళో పేజీలకు పేజీలు చదివాను. నేను ఈతకొట్టిన కాలవకు కాస్త దూరంలో జరిగిన ఈ యుద్ధం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు.

అన్నిటికన్నా నన్ను కుర్చీలోంచి లేపింది ఇంకొకటి. కోట పోయినా, పరాసులకు బందరులో ఓ చిన్న నేలచెక్క మిగిలింది. లోజ్ అనేవారు దాన్ని. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేసిననాడు కూడా కాగితాల మీద ఆ చెక్క ఫ్రాన్సుదే. సూరత్, కోళిక్కోడుల్లో ఉన్న ఇలాంటి చెక్కలతో పాటు ఆ ఏడు అక్టోబరులో దాన్ని మన దేశానికి అప్పగించారు. యానాం కథ అందరికీ తెలుసు, 1954 దాకా సాగింది కాబట్టి. రెండు నెలలు ఆలస్యంగా స్వతంత్రం వచ్చిన పేట మా ఊళ్ళో ఉందని నేను చెబితే మా పక్కింటాయన మూడురోజులు నమ్మలేదు. ఆయన ఉండేది ఆ పేటకు కూతవేటు దూరంలోనే.

మీ ఊరు సముద్రం పక్కన లేకపోతే ఇవేవీ దొరకవని నీరసపడకండి. మీ కాగితం మీద దిబ్బ, దిన్నె అన్న మాటలుంటే వాటిని రెండుసార్లు చూడండి. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికి అమరావతి స్తూపం ఒక మట్టిగుట్ట. ఊరివాళ్ళు దాన్ని దీపాలదిన్నె అనేవారు. కింద ఏముందో మరిచిపోయారు గాని, ఒకప్పుడక్కడ దీపాలు వెలిగాయన్న సంగతిని పేరు మరవలేదు.

ట్రంకుపెట్టె

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఒక దస్తావేజు దొరికింది. పైన సంవత్సరం 1310 అని ఉంది. 1310 అంటే ప్రతాపరుద్రుడి కాలం! ఆ సాయంత్రం నేను ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, మన మాగాణి కాకతీయుల నాటిదని ప్రకటించాను. మా చిన్నాన్న కళ్ళజోడు సవరించుకుని కాగితం చూసి, "కాకతీయులు స్టాంపుకాగితాలు కూడా అమ్మేవాళ్ళురా?" అన్నాడు.

అది ఫసలీ. మన రెవెన్యూ కాగితాల్లో నడిచిన సంవత్సరం అది, జూలైలో మొదలవుతుంది. దానికి 590 కలపాలి. 1310 ఫసలీ అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. మా మాగాణి ఆరు వందల ఏళ్ళు ఒక్క దెబ్బతో చిన్నదైపోయింది. మీకీ అవమానం జరక్కుండా ఈ రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి: ఫసలీకి 590, శక సంవత్సరానికి 78. ఇక రక్తాక్షి, పింగళ లాంటి పేర్లతో జాగ్రత్త. అవి అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ఒట్టి "రక్తాక్షి" అని ఉంటే అది 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కూడా కావచ్చు. కాగితం, సిరా, స్టాంపు మీది రాజు బొమ్మ చూసి తేల్చుకోవాలి. రాజు బొమ్మ చాలా నమ్మకస్తుడైన సాక్షి.

దస్తావేజులో ముందు చదవాల్సింది చెక్కుబందీ. తూర్పున ఫలానావారి తోట, పడమర ఫలానా కాలవ అని రాసిన ఆ నాలుగు వాక్యాలు. ఇప్పుడు లేని చెరువులు, పూడిపోయిన కాలవలు, ఊరు వదిలి వెళ్ళిపోయిన కుటుంబాలు అన్నీ ఆ హద్దుల్లో నిలిచి ఉంటాయి. నాలుగైదు దస్తావేజుల చెక్కుబందీలు పక్కపక్కన పెట్టి గీస్తే నూరేళ్ళ కిందటి మీ వీధి పటం తయారవుతుంది. ఆస్తి తగాదాల కోసమే ఈ పెట్టెలు తెరుస్తారు మనవాళ్ళు. ఏ తగాదా లేని రోజు ఒకసారి తెరవండి. తెరిచే ముందు అన్నదమ్ములకు చెప్పి తెరవండి, లేకపోతే కొత్త తగాదా మొదలవుతుంది.

అచ్చు పుస్తకాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెల్లదొరలు జిల్లాకో మాన్యువల్ రాయించారు. మాది గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్, 1883. మీ జిల్లాకూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది, డిజిటల్ గ్రంథాలయాల్లో వెతకండి. అందులో దొర అహంకారం పేజీ పేజీకీ తగులుతుంది. దాన్ని చేపముల్లులా పక్కకు తీసి తినాలి.

"ఏ సంవత్సరం?" అని అడక్కండి

ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఫోను రికార్డింగు నొక్కి, "ఇది ఏ సంవత్సరంలో జరిగింది పెద్దమ్మా?" అని అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవిడ భయపడుతుంది. "నాకేం గుర్తుంటాయి నాయనా, మా అబ్బాయినడుగు" అంటుంది. అబ్బాయికి ఏమీ తెలియదు. అక్కడితో సరి.

కాలాన్ని ఆవిడ కొలిచే గజంతోనే అడగాలి. "అప్పటికి మీకు పెళ్ళయిందా?" "పెద్దవాడు కడుపులో ఉన్నాడా?" "ఉప్పెనకు ముందా, తర్వాతా?" మా వైపు ఉప్పెన అంటే 1977 నవంబరు 19. దివిసీమను ముంచి పదివేల మందికి పైగా పొట్టనబెట్టుకున్న రోజు. ఆ తేదీ చెప్పనక్కరలేదు, ఉప్పెన అంటే చాలు, ఆవిడ చూపు మారిపోతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగండి, తొందరపెట్టి తరవాతి ప్రశ్న వేయకండి. కృష్ణానది పక్క ఊళ్ళయితే పుష్కరాలు ఇంకో గజం: 1980, 1992, 2004, 2016. "ఆ పుష్కరాలకు మా మరిది ఇంట్లో దిగాం, అప్పటికి ఆ సినిమాహాలు కట్టలేదు" అందంటే మీకు సంవత్సరం దొరికినట్టే.

ఇంకో ప్రశ్న మొహమాటపడకుండా వేయాలి: "ఇది మీరు చూశారా, విన్నారా?" ఎందుకంటే జ్ఞాపకాలు వారసత్వంగా వస్తాయి, వచ్చినవాళ్ళకు అవి తమవేనని నమ్మకం కుదురుతుంది. ఒక పెద్దాయన నాకు ఉప్పెన కథ చెబుతూ, కోటలోకి సముద్రం వచ్చిందనీ ఊరు ఊరంతా రాత్రికి రాత్రే తుడిచిపెట్టుకుపోయిందనీ చెప్పాడు. 1977లో బందరు టౌను దెబ్బతిన్నది గాని, ఆయన చెప్పింది మాత్రం ఆ రాత్రి సంగతి కాదు. అది 1864 నవంబరు 1. ఆ రాత్రి సముద్రం ఊరి మీదకు వచ్చి సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. అప్పట్లో అంత ప్రాణనష్టం అంటే ఊళ్ళో ఏడవడానికి మనిషి మిగలని ఇళ్ళు ఎన్నుంటాయో ఊహించుకోండి. ఈయన తాతకు వాళ్ళ తాత చెప్పి ఉంటాడు. ఆ నీళ్ళు వంద ఏళ్ళు నోటినుంచి నోటికి ప్రవహించి ఈయన దగ్గర ఇంకో ఉప్పెనలో కలిసిపోయాయి. నేను ఆయన్ని సరిదిద్దలేదు. మీరూ దిద్దకండి. ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకోండి, అంతే. ఈ తప్పు నాకు మాన్యువల్‌లోని లెక్కల కన్నా విలువైనది. మరిచిపోయామనుకున్న దుఃఖం ఇంకా మాటల్లో ఉందని అది చెప్పింది కదా!

ఒక గొప్ప వదులుకోవడం

ప్రతి ఊరికీ ఒక గొప్ప ఉంటుంది. మాది మస్లిన్. మా బందరుకు ఇంకో పేరు మచిలీపట్నం కదా, "మస్లిన్ అనే మాట మచిలీపట్నం నుంచే పుట్టింది తెలుసా?" అని నేను పాతికేళ్ళపాటు చెప్పాను. ఒక పెళ్ళిలో, వడ్డన ఆలస్యమవుతుంటే, బంతిలో ఉన్నవాళ్ళందరికీ ఇదే కథ మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్ల చాలా మర్యాదగా అడిగింది: "ఎక్కడ చదివారు మావయ్యగారూ?" పప్పు వచ్చింది, దప్పళం వచ్చింది, నా దగ్గర్నుంచి జవాబు రాలేదు.

ఇంటికి వచ్చి వెతికాను. మస్లిన్ అనే మాటను నిఘంటుకారులు ఇరాక్‌లోని మోసుల్ ఊరికి కడతారు. మార్కో పోలో కూడా మోసుల్ పేరుతోనే ఆ బట్టలను చెప్పాడు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అయితే ఆ వెతుకులాటలోనే ఇంకొకటి దొరికింది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎర్రసముద్రపు ప్రయాణ దర్శినిలో మసాలియా అనే సీమ ఉంది. అక్కడ నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఆయన రాశాడు. రెండో శతాబ్దపు టాలెమీ భూగోళంలో అదే మైసోలియా. అది మా తీరమే. ఒక్క ఊరిది కాదు, కృష్ణా ముఖద్వారం చుట్టూ ఉన్న సీమ అంతటిదీ. మాట మాది కాకపోయింది గాని, బట్ట మాదే. పైగా దీనికి పందొమ్మిది వందల ఏళ్ళ నాటి సాక్షి ఉన్నాడు. ఆ పిల్ల మళ్ళీ ఏ పెళ్ళిలోనైనా కనిపిస్తే చెప్పాలని ఉంది.

మీ ఊరి గొప్పను పరీక్షించడానికి నేను వాడే పద్ధతి మోటుది, కాని పనిచేస్తుంది. మొట్టమొదట ఇది ఎవరు, ఏ ఏడు రాశారో వెతుకుతాను. సంఘటన జరిగిన రెండు వందల ఏళ్ళ తర్వాత గాని ఎవరూ రాయలేదంటే అనుమానం. తర్వాత పక్క ఊరివాళ్ళను అడుగుతాను. వాళ్ళూ అదే గొప్ప చెప్పుకుంటున్నారంటే అనుమానం రెట్టింపు. శ్రీరాముడు కాలు మోపని ఊరు, పాండవులు దాక్కోని గుహ మన రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా చెప్పండి!

కొన్ని గొప్పలను పారెయ్యనక్కరలేదు, కాస్త కొలత సరిచేస్తే చాలు. "జాతీయ జెండా పుట్టింది మా దగ్గరే" అంటాం మేము. పింగళి వెంకయ్యగారు బందరు దగ్గరి భట్లపెనుమర్రు మనిషి. 1916లో జాతీయ పతాకం గురించి బందరు నుంచే ఒక పుస్తకం వెలువరించారు. ఊళ్ళోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశారు. ఇవన్నీ ఖాయం. ఆయన నమూనా గాంధీగారి చేతికి వెళ్ళింది మాత్రం 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో. అప్పటికి రంగులు రెండే. తెలుపు తర్వాత చేరింది, ధర్మచక్రం 1947లో వచ్చింది. ఇంత వివరంగా చెబితే గొప్ప తగ్గుతుందనుకుంటారు. నేను చెప్పి చూశాను, తగ్గదు. "పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని కూడా ఆయన్ని పిలిచేవారు" అని కలిపితే వినేవాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. పత్తి వంగడాల మీద పరిశోధన, జపాను భాష, వజ్రాల గనులు, ఒక్కో పేరు వెనుక ఒక్కో జన్మంత పని.

చేతుల్ని అడగండి

బందరు పక్కనే పెడన. మీలో చాలామంది బీరువాల్లో పెడన కలంకారీ దుప్పటో చీరో ఉంటుంది. దాని మీద మీరు పుస్తకాల్లో ఎంత చదివినా, అద్దకం జరిగే షెడ్డులో అరగంట నిలబడితే తెలిసేది వేరు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ముక్కు మూసుకున్నాను. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ వాసన అది. పాలెందుకయ్యా అంటే, రంగు పాకకుండా ఉండడానికి అన్నాడు పనివాడు. పాలలోని కొవ్వు అద్దకాన్ని గీత దాటనివ్వదు. కరక్కాయలో ఉన్న వగరు రంగును పట్టి ఉంచుతుంది. నలుపుకు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టిన కషాయం. ఎరుపు దగ్గర నేను బొత్తిగా పొరబడ్డాను. టేకు అచ్చుతో ఎరుపు రంగు అద్దుతున్నారనుకున్నాను. వాళ్ళు అద్దేది పటిక. పటిక నీళ్ళకు రంగు లేదు, ఎక్కడ అద్దామో కంటికి ఆనడానికి ఏదో కొంచెం రంగు కలుపుతారు. ఆ గుడ్డను రంగు కాగులో వేసి ఉడికిస్తే పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఆ ఎరుపు సముద్రతీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చేది. అంటే పువ్వు ఎక్కడ పూయాలో ముందే చెప్పి ఉంచి, తర్వాత పూయించడం.

ఈ గుడ్డలే పారశీకానికి మిహ్రాబు బొమ్మలతో నమాజు గుడ్డలుగా వెళ్ళాయి, యూరపుకు పరుపుల మీద దుప్పట్లుగా, కిటికీ తెరలుగా, ఆడవాళ్ళ గౌనులుగా వెళ్ళాయి. అక్కడివాళ్ళు ఎగబడి కొనడంతో వాళ్ళ సాలెవాళ్ళు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు ఈ అద్దకపు బట్టలను నిషేధించింది. 1700లో ఇంగ్లండు కూడా చట్టం చేసింది. మా తీరపు అద్దకం పనివాళ్ళకు భయపడి రెండు రాజ్యాలు చట్టాలు చేశాయంటే, అదేమీ చిన్న సంగతి కాదు. లండన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న ముక్కల అన్నదమ్ములు పెడనలో తీగ మీద ఆరుతున్నాయి.

మీ ఊళ్ళోనూ ఏదో ఒక పని ఉంటుంది. కుండలు, చేనేత, ఇత్తడి, బొమ్మలు, సున్నం బట్టీ, పచ్చళ్ళు. మా చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు. ఆ పనివాళ్ళ దగ్గర "ఇది ఎప్పటినుంచి చేస్తున్నారు?" అని అడక్కండి. "మా తాతల కాలం నుంచి" అంటారు, అది జవాబు కాదు. "ఈ పనిముట్టును ఏమంటారు? ఇదివరకు ఇక్కడ ఏం వాడేవాళ్ళు?" అని అడగండి. పనిముట్టు పేరు పట్టుకుంటే కూలి, సరుకు, మార్కెట్టు, వలస అన్నీ వాటంతట అవే వస్తాయి. వెళ్ళేటప్పుడు పనివేళ చూసుకోండి, వాళ్ళ కూలి గంటలు మీ సరదాకు ఖర్చు కాకూడదు. ఏదో ఒకటి కొనుక్కుని రండి.

రాళ్ళు, బోర్డులు

డచ్చివాళ్ళ సమాధులు మా ఊళ్ళో ఉన్నాయి. పెద్ద రాతిపలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, వాళ్ళ అక్షరాలు. మధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు. పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో వెళ్ళండి, ఏటవాలు ఎండలో అరిగిపోయిన అక్షరం కూడా నీడ పట్టుకుని లేచి నిలబడుతుంది. మా గుళ్ళలోని శాసనాలకూ ఇదే కిటుకు. సుద్దపొడి పూయడం, నూనె రాయడం, పసుపు అద్దడం వద్దు, రాయి పాడవుతుంది. చదవలేకపోతే ఫోటో తీసుకుని తెలిసినవాళ్ళకు చూపించండి. ఈ సమాధి రాళ్ళ మీది రాతలను కాటన్ అనే ఆయన జాబితాగా కూర్చి 1905లో మద్రాసులో అచ్చువేశాడు. రాయి విరిగిపోయినా ఆ పుస్తకంలో వాక్యం ఉండే అవకాశం ఉంది.

రాళ్ళ కన్నా తొందరగా పోయేవి బోర్డులు. 1923 నవంబరులో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు లక్ష రూపాయల మూలధనంతో బందరులో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ నెల ఊళ్ళు లాక్‌డౌన్లో ఉన్నాయి. తలుపులు తెరిచి బయటికొచ్చేసరికి చిన్నప్పటినుంచి చూసిన ఆ పేరు ఒక్కో చోటే దిగిపోతూ వచ్చింది. నా దగ్గర ఒక్క ఫోటో లేదు. మీ ఊళ్ళో పాత సినిమాహాలు, రైస్‌మిల్లు, కిళ్ళీకొట్టు, హోటలు బోర్డులు ఇవాళే ఫోటో తీసి పెట్టుకోండి. దుకాణంవాడు అనుమానంగా చూస్తాడు. టీ తాగండి, సర్దుకుంటాడు.

వీటన్నిటికీ ఒక నోటుబుక్కు చాలు. ప్రతి పేజీకీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు విన్నది, కుడివైపు కళ్ళతో చూసినది లేదా చదివినది. మొదటి నెలంతా ఎడమవైపే నిండుతుంది. కుడివైపు ఖాళీ చూసి చిన్నబుచ్చుకోవద్దు. నాది పదిహేనేళ్ళయినా ఎడమవైపే బరువు. మస్లిన్ పేజీలో ఎడమవైపు మొత్తం ఒక అడ్డగీతతో కొట్టేసి ఉంది, ఆ పేజీ చించలేదు.

పోయినసారి వెళ్ళినప్పుడు, అంత తెలిసి కూడా, వలందపాలెంలో అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మను అడిగాను. డచ్చివాళ్ళు ఈ తీరంలోని తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళింది 1825లో. ఆవిడ ఏమంటుందో వినాలని సరదా.

"అమ్మా, వలందలంటే ఎవరు?"

చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే చెప్పింది.

"ఏమో నాయనా, నేను కాపరానికొచ్చేసరికే వాళ్ళు వెళ్ళిపోయారు."

కుడివైపు రాయాలో ఎడమవైపు రాయాలో తెలియక, గీత మీద రాసుకున్నాను.